నాలుగో బోల్టు

అట్టపెట్టె విప్పి చూడగానే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. లోపల ఉన్నది ఇనప మెట్టు. పికప్ బండి వెనక బంపరు కింద బిగిస్తారే, కాలితో ఒక్కటి తంతే బయటికొచ్చి, మళ్ళీ తంతే లోపలికి పోయేది, అదే. మూడేళ్ళుగా నోరు నొప్పెట్టేలా అడుగుతున్న మెట్టు! అడిగినప్పుడల్లా "చూద్దాంలే" అన్న మొగుడుగారు, తన కాలికి సిమెంటు కట్టు పడిన వారానికల్లా తెప్పించేశాడు.

"ఏమే, విప్పావా? నాలుగు బోల్టులే, నువ్వే బిగించెయ్. నేను చెబుతుంటాగా," అన్నాడు ఆయన. కొట్టు గుమ్మంలో కుర్చీ వేసుకుని, కట్టు కట్టిన కాలు స్టూలు మీద చాపుకుని కూర్చున్నాడు మహారాజు.

వాళ్ళది అద్దాల కొట్టు. కిటికీలకూ అల్మారాలకూ అద్దాలు కోసి, బండిలో తీసుకెళ్ళి బిగించి రావడం పని. పెద్ద అద్దం బండిలోకి ఎక్కించాలంటే ఇద్దరుండాలి. ఒకరు పై అంచు రెండు చేతులా పట్టుకుని వెనక్కి నడుస్తూ ముందు బండెక్కాలి. రెండోవాళ్ళు కింద నుంచి తొయ్యాలి. ఎక్కే మనిషికి పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు, మోకాలికి పైనుండే నున్నటి బంపరు మీద కాలు మోపి లేవాల్సిందే. ఆమె చూస్తే పొట్టి మనిషి. అయినా ఆరేళ్ళుగా ఎక్కేది ఆమే. "నువ్వు తేలిక, నువ్వెక్కు. బరువు నేను పడతాను." ఇదీ ఆయనగారి న్యాయం.

మూడేళ్ళ కిందట బంపరు మీద కాలు జారి పడింది. అద్దం ముక్కలైంది. కుడి అరచెయ్యి బొటనవేలి మొదలు నుంచి మణికట్టు దాకా చీరుకుపోయింది. తొమ్మిది కుట్లు. రక్తం కారిపోతుంటే మొగుడు అడిగిన మొదటి మాట "అద్దం మొత్తం పోయిందా?" అని. రెండో మాట "కళ్ళెక్కడ పెట్టుకున్నావే?" అని. అంతటితో ఊరుకున్నాడా? ఆ కథ వాళ్ళక్కకు చెప్పాడు. ఆవిడ చుట్టాలందరికీ టాంటాం వేసింది. ఇప్పటికీ ఏ ఇంట్లో నలుగురు చేరినా, ఆమె కప్పుల పళ్ళెం ఎత్తిందంటే చాలు, వదినగారు పరిగెత్తుకొస్తుంది. "ఇలా ఇయ్యి తల్లీ, నీ చేతిలో పడితే మిగుల్తాయా!" అందరూ పకపకా నవ్వుతారు. మొగుడూ నవ్వుతాడు. మిగతావాళ్ళ నవ్వులు ఎలాగో మింగేది గానీ, ఆయన నవ్వు మాత్రం గొంతు దిగేది కాదు.

అట్టపెట్టెనే చింపి నేల మీద పరుచుకుని బండి కిందికి దూరింది. బొటనవేలు పూర్తిగా వంగదు కాబట్టి పానాను నాలుగు వేళ్ళతోనే తిప్పాలి. ఒకటి బిగించింది. రెండు బిగించింది.

"పై కన్నాల్లో బిగించు. అందంగా ఉంటుంది," అన్నాడు మొగుడు గుమ్మంలోంచి.

"అందం ఎవడిక్కావాలి! నా కాలికి అందాలి. కింది కన్నాల్లోనే బిగిస్తున్నా."

మూడోదీ బిగించి, నాలుగో కన్నం దగ్గర పేరుకున్న మట్టిని గీకుతుంటే బంపరు సందులోంచి ఏదో రాలి గుండె మీద పడింది. వేలెడంత అద్దం ముక్క. ముదురు గోధుమరంగుది.

ఆమె చెయ్యి ఆగిపోయింది. వాళ్ళు అమ్మేది తెల్ల అద్దాలు. గోధుమరంగుది ఈ మధ్య ఒక్కటే తెప్పించారు, పళ్ళ డాక్టరు గది తలుపు కోసం. ఇల్లు మారుతున్న చెల్లెలికి సాయంగా ఆమె నాలుగు రోజులు వెళ్ళొచ్చేసరికి ఆ అద్దం లేదు. "డాక్టరు వద్దన్నాడు, వెనక్కి పంపేశా," అన్నాడు. కాలికి కట్టేమిటంటే, "బాత్రూంలో జారా," అన్నాడు. పాపం అనుకుని వారం నుంచి స్నానానికి నీళ్ళు కూడా తనే తోడి పెడుతోంది.

బండి కింద నుంచి పాక్కుంటూ వచ్చి ఆ ముక్క ఆయన మొహం ముందు పెట్టింది.

"ఇదేంటి?"

"అద్దాల బండిలో అద్దం కాక ఇంకేముంటుందే?"

"వెనక్కి పంపేశానన్న అద్దం బంపరు సందులో ఎందుకుంది? మీరు జారింది బాత్రూంలో కాదు కదూ?"

ఆయన నీళ్ళు నమిలాడు. కట్టు మీద సిమెంటు గోటితో గీకుతూ గొణిగాడు. "పక్క కొట్టు వెల్డరు కింద పట్టుకున్నాడు. నేను ఎక్కబోయా. ఒక్కసారే... కాలు జారింది."

"ఒక్కసారి!" ఆమె అరిచిన అరుపుకి పక్క కొట్లో వెల్డింగు ఆగిపోయింది. "ఒక్కసారి ఎక్కితే మీకు కాలు విరిగింది, వారంలో మెట్టొచ్చింది. ఆరేళ్ళు ఎక్కిన నాకేమొచ్చింది? కళ్ళెక్కడ పెట్టుకున్నావని తిట్లు! ఇప్పుడు చెప్పండి, మీ కళ్ళెక్కడ పెట్టుకున్నారు?"

"సరేలేవే, తెప్పించాగా. నీకోసమే అనుకో."

"అనుకోవాలా? నేనేం అనుకోను. నాలుగో బోల్టు బిగించను. బండి తియ్యను. మధ్యాహ్నానికి బడి కిటికీలు బిగించాలి కదా, ఆ కాలేసుకుని మీరే తోలుకెళ్ళండి."

"ఏం చెయ్యమంటావే ఇప్పుడు?"

"మీ అక్కకు ఫోన్ చెయ్యండి. స్పీకరు పెట్టి. నేను వినాలి."

ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు. వెల్డరు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఇటే చూస్తున్నాడు. దిక్కులేక ఫోన్ చేశాడు.

"అక్కా... అప్పట్లో అద్దం పగిలింది చూడు. అది తన తప్పు కాదక్కా. ఎక్కడానికి బండికి మెట్టు లేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా నేనే పెట్టించలేదు."

"అదేంట్రా, ఇప్పుడెందుకొచ్చింది ఆ గొడవ?"

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. ఆమె పానా పట్టుకుని నిలబడే ఉంది.

"మొన్న నేనూ అక్కడే పడ్డానక్కా. బాత్రూంలో కాదు. చేతిలో అద్దం కూడా పోయింది."

ఆవిడ నవ్వుతుందేమో, చూద్దాం ఇప్పుడు నవ్వమను అనుకుంది ఆమె పళ్ళు బిగబట్టి. వదినగారు నవ్వలేదు.

"అంత పొడుగాడివి, నువ్వే పడ్డావు," అంది మెల్లగా. "మరి ఆ పొట్టి పిల్ల ఇన్నేళ్ళూ ఎలా ఎక్కిందిరా?"

ఆయన ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కాలి కట్టు వైపే చూస్తూ ఉండిపోయాడు.

ఆమె మళ్ళీ బండి కిందికి దూరి నాలుగో బోల్టు బిగించింది. బయటికొచ్చి మెట్టును ఒక్క తన్ను తన్నింది. రెండు చేతులూ గాలిలో అద్దం పట్టుకున్నట్టే ఎత్తి, వెనక్కి తిరిగి కాలు మోపింది. ఒక్క అడుగు, పైన ఉంది. ఇంతేనా! ఇంత చిన్న పనికా మూడేళ్ళు! కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపం మాత్రం వీసమెత్తు తగ్గలేదు.

"బాగుందా?" అని అడిగాడు ఆయన భయం భయంగా.

"మీ కట్టు విప్పాక మీరే చూసుకుందురుగాని," అంది ఆమె కిందికి దిగుతూ. "ఇకనుంచి ముందు ఎక్కేది మీరు. బరువు నేను పడతాను."