వేషాల గది

"నవ్వుతూ టీ ఇవ్వు చాలు, మాటలు నేను చూసుకుంటా," అన్నాడు భర్త, అతిథి కోసం కుర్చీలు తుడుస్తున్న ఆమెతో. ఆమె తలూపింది. తలూపడంలో ఆమెది అందెవేసిన చెయ్యి.

ఊళ్ళో నాటకాలవాళ్ళంతా ఆమెను సూదమ్మ అంటారు. రాజుకు అంగరఖా కావాలన్నా, ముసలవ్వకు చిరుగుల శాలువా కావాలన్నా ఆమె తలుపే తడతారు. అద్దె లేదు. తీసుకెళ్ళిన వేషంతోపాటు కొత్తగా కుట్టిన ఇంకో వేషం తెచ్చివ్వాలి, అంతే. సినిమావాళ్ళు మాత్రం డబ్బిస్తారు. ఆ డబ్బు, వేషాలు కుట్టిన ఆడవాళ్ళంతా పంచుకుంటారు. "ఇదేం వ్యాపారం, విడ్డూరం కాకపోతే!" అని అత్తగారు మొదట్లో బుగ్గలు నొక్కుకున్నారు. "పోనీలేమ్మా, గుడ్డలతో ఆడుకోనీ," అన్నాడు ఆ సుపుత్రుడు.

వచ్చినాయన కొత్తగా కట్టిన పెద్ద నాటకశాల మేనేజరు. వేషాలన్నీ కొనేస్తామన్నాడు. ఇక ఎవరికి కావాలన్నా తమ దగ్గరే అద్దెకు తీసుకోవాలట.

"ఇదంతా నేను మొదలుపెట్టిందేనండీ. మా ఆవిడ సరదాకి సాయం చేస్తుంటుంది," అన్నాడు భర్త.

ఆమెకు ఒళ్ళు మండింది. సరదా! ఒక కన్ను ఎసటి మీదా, ఒక కన్ను కుట్టు మీదా పెట్టి, వేళ్ళు వాచేలా కుట్టిందంతా సరదా! పక్కవీధి మేకప్ ఆవిడ, నర్సు ఉద్యోగం చేస్తూ కిరీటాలు చేసే అక్క, అందరూ సరదాకే కళ్ళు పోగొట్టుకుంటున్నారు కాబోలు. ఇంతమంది పని ఈయన ఒక్క మాటతో అమ్ముడైపోతోంది.

"గదిలో ఉన్నదంతా మీదే," అంటూ భర్త వెళ్ళి వేషాల గది తలుపు తీశాడు. తుమ్ములొస్తాయని ఆ గుమ్మం తొక్కి ఏళ్ళయింది మరి. లోపల ఖాళీ కొక్కేలు, కుట్టుమిషను, గుండీలు ఊడిన ఆయన చొక్కాలు నాలుగు.

"దొంగలు పడ్డారా?" అన్నాడు తెల్లబోయి.

"వేషాలు గదిలో ఎందుకుంటాయండీ? ఆడుతున్న నాటకాల్లో ఉన్నాయి," అందామె మేనేజరుతో. "కుట్టినవాళ్ళంతా ఒప్పుకోకుండా వాటిని అమ్మే హక్కు నాకే లేదు. వాళ్ళు ఒప్పుకోరు. నేనూ ఒప్పుకోను."

"నువ్వు లోపలికెళ్ళు," అన్నాడు భర్త పళ్ళు నూరుతూ. ఆమె కదల్లేదు.

మేనేజరు ఆయన వైపు తిరిగాడు. "మరి మీరు నాకు అమ్ముతున్నదేమిటండీ?"

"ఆ చొక్కాలు," అంది సూదమ్మ. "అవి ఆయనవే. గుండీలు మాత్రం మీరే కుట్టించుకోవాలి, నేనిక కుట్టను."