ఎర్ర దీపం ఆరాక

ఫ్యూజుకి అసలు పేరు లేకపోలేదు. కానీ పని నేర్చుకునే రోజుల్లో ఒక తప్పుడు తీగ తగిలించి వీధి వీధంతా చీకటి చేసిన ఘనుడు కాబట్టి, వాళ్ళ బావ ఆ పేరు తగిలించాడు. ఇప్పుడు ఊళ్ళో సగం బళ్ళకి వైరింగు చేసేది అతనే అయినా, దుకాణం బోర్డు మీద కూడా ఆ పేరే రాయించుకోవాల్సి వచ్చింది. బావమరిది బతకగోరు, దాయాది చావగోరు అంటారు. ఈ బావమరిది మాత్రం అక్కావాళ్ళ ఇంటి ముందు జీపు బానెట్లో తల దూర్చి, పొద్దున్నుంచీ బావని తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతున్నాడు.

బావ లోపలి గదిలో కిటికీ పక్కన మంచం మీద ఉన్నాడు. ముక్కుకి గొట్టం, గొట్టం చివర గోడవారన గురగురమంటూ ఆక్సిజన్ మిషను. కొండకి సొరంగం తవ్వినప్పుడు డ్రిల్లు పట్టిన మనిషి. ఆ రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరి గట్టిపడిపోయింది. మామూలు గాలి అతనికి చాలదు. మిషను ఆగకూడదు, మిషనుకి కరెంటు ఆగకూడదు. గొట్టం ఎంత పొడవుంటే అతని లోకం అంత. వసారా మెట్టు దాకా వచ్చేసరికి గొట్టం బిగుసుకుంటుంది, అక్కణ్ణుంచి వెనక్కి తిరుగుతాడు.

తను తవ్విన సొరంగం పూర్తవడం అతను చూడలేదు. ఇటు నుంచి తవ్వే గుంపూ అటు నుంచి తవ్వే గుంపూ కొండ మధ్యలో కలుసుకున్న రోజున ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. వానలు మొదలైతే ఇక ఇల్లు కదలలేడనీ, వచ్చే ఏడు సంగతి తాను చెప్పలేననీ డాక్టరు మొన్న అక్కని పక్కకి పిలిచి అన్నాడు. అక్క ఏడవలేదు. తిన్నగా తమ్ముడి దుకాణానికి వచ్చింది.

“ఒరేయ్, ఆయన్ని ఒక్కసారి సొరంగం దాకా తీసుకెళ్ళాలి. మిషను జీపులో నడవాలి. ఏం చేస్తావో నాకు తెలీదు,” అంది.

ఆ జీపు ఒకప్పుడు షిఫ్టువాళ్ళని కొండమీదికి చేరవేసిందే. పాతబడ్డాక కంపెనీ వదిలించుకుంటుంటే బావ కొనుక్కున్నాడు. నాలుగు చక్రాలూ లాగుతాయి, రాయనకా రప్పనకా ఎక్కేస్తుంది, నడిపేది అక్క. ఇంజిను తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీ నింపే ఆల్టర్నేటరు మాత్రం ఎప్పుడు చచ్చిందో ఎవరికీ తెలియలేదు. ఒక సాయంత్రం హెడ్‌లైట్లు గుడ్డిగా వెలిగాయి, మర్నాడు బండి లేవనంది. దాన్ని బాగుచేయించినా లాభం లేదు. రెండు లైట్లూ ఒక హారనూ మొయ్యడానికే అది ఆపసోపాలు పడేది. ఇక ఆక్సిజన్ మిషనుని ఏం మోస్తుంది?

అందుకని ఫ్యూజు తుక్కు కొట్టంతా గాలించి, ఒక పాత అంబులెన్సులోంచి పెద్ద ఆల్టర్నేటరు పట్టుకొచ్చాడు.

“ఎంతమందిని ఆస్పత్రికి చేర్చిందో ఇది,” అన్నాడు తుక్కు కొట్టాయన.

“మా బావ దీంతో షికారు పోతాడులే,” అన్నాడు ఫ్యూజు.

బ్యాటరీ తీగ ఊడదీసి, బెల్టు వదులుచేసి, రాతిపొడి అట్టలు కట్టిన పాతదాన్ని బయటికి లాగాడు. కొత్తది ఆ చోట కూర్చోనంది. బ్రాకెట్టు అరగదీశాడు, బుష్షు కోసి పెట్టాడు, రెండు పుల్లీలూ ఒకే గీతలోకి వచ్చేదాకా తీసి పెట్టి, పెట్టి తీశాడు. పాత తీగ ఈ కొత్త బలానికి కరిగిపోతుంది కాబట్టి చిటికెన వేలంత కేబులు లాగి, మధ్యలో ఒక లావుపాటి ఫ్యూజు బిగించాడు.

“నీ గుర్తుగా నువ్వే కూర్చున్నావా అందులో?” అంది అక్క.

అంతా అయ్యాక బండి స్టార్ట్ చేసి మీటరు పెట్టాడు. ముల్లు కదల్లేదు. ఇంజిను గోలగోలగా తిప్పినా కదల్లేదు. బెల్టు చూశాడు, బోల్టులు చూశాడు, తీగలన్నీ విప్పి మళ్ళీ బిగించాడు. తుక్కు కొట్టాయన ఏడు తరాలనీ తలుచుకున్నాడు. కొండమీద మబ్బులు కమ్ముతున్నాయి. అక్క మబ్బుల్ని చూసి, తమ్ముణ్ణి చూసి, లోపలికి పోయింది. ఆ చూపు అతనికి తిట్టు కంటే గట్టిగా తగిలింది. ఆడిన మాట తప్పిపోతానేమోనని మొదటిసారి భయమేసింది.

“ఏరా ఫ్యూజూ, లేవలేదా?” కిటికీలోంచి బావ గొంతు.

“అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టుంది బావా. అన్నీ బాగానే ఉన్నాయి, కరెంటు మాత్రం రాదు. అవునూ, దీనికి ఛార్జింగు దీపం ఏదీ? తాళం తిప్పగానే ఎర్రగా వెలగాలి గదా?”

బావ కిటికీ ఊచల దాకా జరిగాడు.

“అదా,” అన్నాడు బావ. “నేనే పీకేశాను.”

నిజమే. స్టీరింగు వెనక మీటర్ల పక్కన దీపం ఉండాల్సిన కన్నంలో ఒక చొక్కా గుండీ అతికించి ఉంది. ఇన్నాళ్ళూ అది బండితోపాటు వచ్చిన అలంకారమే అనుకున్నాడు ఫ్యూజు. ఆల్టర్నేటరు ఎప్పుడు చచ్చిందో తెలియకపోవడం ఇందుకన్నమాట. చెప్పాల్సిన దీపమే లేదు.

“ఎందుకు పీకావు?”

బావ ఊపిరి కూడదీసుకుంటూ చెప్పాడు. “సొరంగంలో ఎర్ర దీపం వెలిగిందంటే మందు పేలుస్తున్నారని. ఎక్కడిదక్కడ పడేసి పరుగెత్తాలి. అది ఆరితేనే మళ్ళీ లోపలికి. జీపు కొన్నరోజు తాళం తిప్పానా, కళ్ళముందు ఎర్రగా వెలిగింది. తలుపు తీసుకుని దూకేశా. మీ అక్క పడీపడీ నవ్వింది. మర్నాడే పీకేశా. మా షిఫ్టువాళ్ళ ఇళ్ళన్నీ వెతుకు, ఎర్ర బల్బు ఒక్కటి దొరికితే అడుగు.”

తిట్టబోయినవాడల్లా ఫ్యూజు పనిముట్ల పెట్టెలో బల్బు కోసం వెతకసాగాడు. పాత ఆల్టర్నేటరుకి ఆ దీపంతో పనిలేదు, దాని ఏర్పాటు వేరు. కొత్తది ఆ దీపం లేనిదే నిద్రలేవదు.

“అంత ఇనప ముద్దకి ఇంత బల్బు దిక్కా?” అంది అక్క, నమ్మకుండా.

“దీన్లో అయస్కాంతం లేదక్కా, ఉట్టి తీగచుట్ట. కాస్త కరెంటు తగిలితే గానీ అయస్కాంతం అవదు, అయస్కాంతం అయితే గానీ కరెంటు పుట్టించదు. ఆ మొదటి కాస్తా బల్బులోంచి వస్తుంది. పాలకి తోడుచుక్కలాగా. ఒక్కసారి అందుకుందా, ఇక తన కరెంటు తనే పుట్టించుకుంటుంది. అప్పుడు బల్బు దానంతటదే ఆరిపోతుంది.”

ఈ ముక్క ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. ఇవాళ మాత్రం చెబుతూ చెబుతూ తనే ఆగిపోయాడు. ఏమీ లేనిచోట ఇంత బలం పుట్టడానికి మిణుగురంత వెలుగు చాలుతుందా అని, తన చేతిపని తనకే వింతగా తోచింది.

గుండీ తీసేసి ఎర్ర బల్బు పెట్టాడు. అది ఆరడం తను చూడందే ప్రయాణానికి రానన్నాడు బావ. ఆపదకని ఉంచిన చిన్న సిలిండరు గొట్టానికి తగిలించి, ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని ముందు సీట్లో కూర్చోబెట్టారు. అక్క తాళం తిప్పింది. ఎర్రగా వెలిగింది. బావ చెయ్యి తలుపు మీదికి పోయింది. అక్క ఆ చేతిని గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో ఇంజిను లేపింది. ఎరుపు సన్నగిల్లింది, నారింజ రంగైంది, పోయింది. మీటరు ముల్లు లేచి నిలబడింది.

“ఆరింది,” అన్నాడు బావ, చిన్నపిల్లాడిలా. “పోవచ్చు లోపలికి.”

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. వెనక సీట్లో మిషనుని ఇన్వర్టరుకి తగిలించి, బెల్టులతో కట్టేసి, దాని పక్కన ఫ్యూజు ఒళ్ళో మీటరు పెట్టుకుని కూర్చున్నాడు. బండి గర్జిస్తూ కొండ ఎక్కుతుంటే మిషను గురగురమంటూనే ఉంది. ఇంజిను తిరుగుడు కరెంటై, కరెంటు గాలై, బావ ముక్కులోకి పోతోంది.

సొరంగంలోకి దూరగానే అక్క హెడ్‌లైట్లు వేసింది. ముల్లు కిందికి జారింది. ఫ్యూజు గుండె కూడా జారింది. ముల్లు ఆగింది, వణికింది, నిలబడింది. చాలా దూరం పోయాక, “ఇక్కడ ఆపవే,” అన్నాడు బావ. ఇంజిను నిదానిస్తే కరెంటు తగ్గిపోతుందని అక్క బ్రేకు బిగించి, గేరు తీసి, ఆక్సిలరేటరుని మాత్రం కాలితో తొక్కిపెట్టింది.

గోడలకి సిమెంటు లేదు, ఉత్త రాయి. రాతి నిండా డ్రిల్లు దిగిన గాడులు. ఫ్యూజు టార్చి వేశాడు. బావ తలుపు తీసి, కాళ్ళు కిందపెట్టి, ఒక గాడిలో వేలు పెట్టాడు. “ఇవి మావి. చూడు, ఏటవాలు ఎటుందో. ఇప్పుడు కాస్త ముందుకి వెయ్యి వెలుతురు.”

ముందున్న గాడులు ఎదురుగా వాలి ఉన్నాయి. అవి అవతలి గుంపువి. రెండు వాలులూ ఒకచోట కలుసుకున్నాయి. జానెడు ఎడం కూడా లేదు.

“చివర్లో గోడకి చెవి ఆనిస్తే వాళ్ళ డ్రిల్లు వినపడేదిరా. మొహాలు తెలీవు, పేర్లు తెలీవు. ఈ చీకట్లో, ఇంత కొండలో, సరిగ్గా ఇక్కడికే వచ్చారు,” అన్నాడు బావ. గాడి మీంచి వేలు తియ్యలేదు. ఇంత పెద్ద కొండలో, కనపడకుండా ఒకరికొకరు ఎదురు తవ్వుకుంటూ వచ్చిన మనుషుల్ని తలుచుకుంటే ఫ్యూజుకి కళ్ళు తిరిగినంత పనైంది.

అవతలివైపు నుంచి హారను మోగింది. లైట్లు వేసుకుని బస్సు ఒకటి వచ్చి ముక్కుమీదే ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

“ఏమయ్యా, నడిదారిలో బండి పెట్టి గోడలు తడుముతున్నారు? సొరంగం మీరేమన్నా తవ్వారా?”

అక్క భద్రకాళై నోరు తెరిచింది. అంతలో బావ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వితే ఊపిరాడదని ఏళ్ళ తరబడి పళ్ళ బిగువున దాచుకున్న నవ్వంతా బయటికొచ్చింది. ఫ్యూజు భయపడి మిషను వంక చూశాడు. అది తన పని తను చేసుకుపోతోంది. బావకి దగ్గొచ్చింది, తేరుకున్నాడు, మళ్ళీ నవ్వాడు.

“పక్కకి తియ్యవే,” అన్నాడు కాళ్ళు లోపల పెట్టుకుంటూ. “పాపం, వాళ్ళకి ఆలస్యమవుతుంది.”

అక్క జీపుని గోడకి ఆనించింది. బస్సు ఒరుసుకుంటూ, మెల్లగా దాటసాగింది. కిటికీల్లో మనుషులు. తల వాల్చి నిద్రపోయేవాళ్ళు, ఫోన్లు చూసుకునేవాళ్ళు, తల్లి భుజం మీద చంటిపిల్ల. ఎవరూ గోడల వంక చూడలేదు. బావ మాత్రం సీటులోంచి వంగి, అక్క మీదుగా, ఒక్కో కిటికీనీ వదలకుండా చూశాడు. ఆఖరి కిటికీ దాటిపోయేదాకా చూసి, తడికళ్ళతో వెనక్కి తిరిగాడు.

“ఎంతమంది పోతున్నార్రా, ఫ్యూజూ!” అన్నాడు.