మసేనమ్మ మరణపత్రము

జ్యేష్ఠమాసాంత సాయంసమయమున గ్రీష్మాతపదగ్ధమైన సైకతస్థలి యింకను వేడి నిట్టూర్పులు విడుచుచుండగా వేటనిషేధకాలమంతయు బోరగిల నిద్రించిన నావలు కొట్టుకొనివచ్చిన మహామత్స్యకళేబరములవలె సంధ్యారుణకాంతియందు నల్లనై తోచుచుండగా సముద్రుడెవరినో పేరుపెట్టి పిలువబోయి యంతలో నా పేరు మరచినవానివలె ఘోషించుచు నాగుచు మరల ఘోషించుచుండెను.

ఆ నావలలో నొకటి ఎల్లాజీ యను జాలరిది. అతడు మాఘమాసమున కామెర్లచే గతించెను. నావ యింకను నతని పేరనే యుండెను. అది భార్యయైన మసేనమ్మ పేరికి మారనిదే కడలిపై గాలు మోపుటకు ననుమతి లేదు. మార్చుటకు మరణపత్రము వలయును. నిషేధము తొలగుదినము దాపురించుచుండెను. ఇంకొక ఋతువు గట్టుననే పడియున్నచో చెక్క పగిలి నావ కాస్త పొయ్యిలో కట్టెయగును.

ఆ పత్రము నిచ్చు పేట సచివాలయము వీధి చివరనే యున్నది. అయినను మరది గురుమూర్తి గడప లెక్కి దిగుటకన్న గాజుపలక నొత్తుట సుకరమని తలచి ఫోనున వెదకగా నన్నిటికన్న మీద గనబడిన సైటునందు త్రివర్ణపతాకయు సింహముఖములును ధగధగలాడుచుండెను. సింహములు ముంగిటనే గాని లోపలనున్నవన్నియు నక్కలేయని వాడెట్లెరుంగును? ప్రజాసేవయని నొసట వ్రాసికొని ప్రజల చేవ పీల్చు నా సైటు దరఖాస్తున కొక రుసుమును త్వరకొక రుసుమును ముద్రకొక రుసుమును గుంజుకొనెను. జాలము విసరి బ్రతుకు జాలరి యింటివారే యంతర్జాలమున జిక్కిరి. ఆ వలకు దారము లేదు. విసరినవానికి మొగము లేదు.

గురుమూర్తి మూటలు మోయ బట్నమునకు బోయిన యొక మధ్యాహ్నమున ఆ సైటువారి దరఖాస్తున వ్రాసిన మసేనమ్మ ఫోను మ్రోగెను. ఏ యూరిదో తెలియని మృదుకంఠ మొకటి పలికెను.

“వివరాలు సరిచూడాలమ్మా. చనిపోయినవారి పేరు చెప్పండి.”

మసేనమ్మ చుట్టును జూచెను. పెనిమిటి పేరు పలుకుట యా పేట యాడువారికి నిషిద్ధము. బ్రతికియుండగా బలికిన నాయువు తరుగునని భయము. పోయిన పిదప బలికిన బిలిచితివాయని తలుపు తట్టునని యంతకన్న భయము.

“మసేనమ్మోలాయన” అనెను.

“పేరమ్మా, పేరు.”

“అదే సెప్తన్నాను గదమ్మా. మసేనమ్మ పెనిమిటి.”

“మసేనమ్మ. సరేనమ్మా.”

కంఠము తెగిపోయెను. ఆ సాయంకాలము నుండి ఫోనునకు సందేశములు రాసాగెను. బట్నము నుండి మరలివచ్చిన గురుమూర్తి మొదటిదానిని జదివి ఫోను నామెవైపు దిప్పెను.

“ఒదినా, ఇందల నువ్వు సచ్చిపోయినట్టు రాసీనారు.”

“అయితే పులుసెవులు కాసినార్రా? తిను ముందు.”

అనంతరము ముద్రాంకితమైన పత్రమును వచ్చెను. అందు మృతుల పేరికెదురుగ మసేనమ్మ యని గుండ్రని యక్షరములు నిర్దయముగ నిలిచియుండెను. ఆ సైటువారికి ఫోను చేయగా నట్టి సంఖ్యయే లేదని యంత్రము పలికెను. వార్త పేటయంతయు బాకెను. కుళాయికడ నాడువారు మాటలాడుచునే యామె పాదములవంక జూచుచుండిరి, మడమలు ముందుకు దిరిగియున్నవేమోయని.

“సచ్చినోల్లకి కూడా బిందెడు నీల్లు కావాలేటే?” అని యెదురింటి పైడమ్మ పరిహసించెను.

“సచ్చినాక దాహమెక్కువే అప్పా. నువ్వొచ్చినప్పుడు తెలుస్తాది” అని మసేనమ్మ బదులాడెను గాని యింటికి వచ్చి దీపమెదుట నిలిచి గోడమీద దన నీడ యున్నదో లేదో చూచుకొనెను. ఉన్నది. అయినను దానిని నమ్ముటకు మనసొప్పలేదు. ప్రతిసంధ్యయందును ఫోను వణకి గతించిన మసేనమ్మకు సంతాపము తెలుపుచుండగా నెవరో తన పేర దనకన్న ముందు పరలోకమున గాపురము పెట్టినట్లామెకు దోచెను.

నిషేధము తొలగుటకు ముందటి దినమున వదినయు మరదియు సచివాలయమున కేగిరి. చచ్చినామెను జూడవలెనని పేట సగము వెంటబడెను. ఉద్యోగిని సుభాషిణి పత్రమును దిప్పి చూచెను.

“ఇది మాది కాదమ్మా. ముద్ర కూడా మాది కాదు. వీధి చివర మేముండగా ఎవరికో డబ్బెందుకు కట్టారు? సరే, నేను రాస్తాను. చనిపోయినవారి పేరు?”

గురుమూర్తి నోరు దెరచెను. మసేనమ్మ వాని భుజముపై జేయి వైచెను.

“నువ్వాగెహె. పేరు సెప్పకపోబట్టే గదా నాను సచ్చినాను.”

పిదప కన్నులు మూసికొని పెండ్లినాటి నుండి పలుకని యా పేరును బలికెను.

“ఎల్లాజీ.”

అంత ద్వారమునందలి తెర కదలెను. గుమిగూడినవారందరును దిరిగి చూచిరి. పైడమ్మ కొంగు నోట గ్రుక్కుకొనెను. సముద్రపుగాలి తక్క నన్యు డెవ్వడును లోనికి రాలేదు. వచ్చునేమోయని భయపడిన యంతమందిలో వచ్చిన బాగుండునని తలచినది యామె యొక్కతయే.

పిమ్మట నామె వారివైపు దిరిగి కొంగుతో మొగము దుడిచికొని చెప్పెను.

“ఇదర్రా సంగతి. ఫోనులో ఆల్లు పేరడిగినారు. ఆయన పేరు నోట రాక మసేనమ్మ పెనిమిటి అన్నాను. పెనిమిటిని ఒగ్గీసి మసేనమ్మని రాసుకున్నారు. నా కాల్లు సూడకండి, తిన్నగానే ఉన్నాయి.”

ఆ సాయంకాలమే పత్రము చేతికి రాగా నావ మసేనమ్మ పేరికి మారెను. నిషేధము తొలగిన యుషఃకాలమున గురుమూర్తి దానిని కెరటముల మీదికి ద్రోసెను. తీరమున నిలిచిన మసేనమ్మ రొంటిని ఫోను మరల వణకెను. గతించిన మసేనమ్మ గారి మరణపు గడువు ముగియవచ్చినదనియు గొనసాగింప రుసుము చెల్లింపవలెననియు నందుండెను. ఆమె దానిని జూడలేదు. ఆ జాలమున నొక మసేనమ్మ నేటికిని మృతురాలై యెవరైన వెల చెల్లింతురేమోయని నిరీక్షించుచున్నది. ఈ మసేనమ్మ మాత్రము నావ కనుమరుగగు దిక్కునకు మొగము సారించి యిప్పుడు భయములేని యా పేరును మరియొకమారు మెల్లగ బలికెను. సముద్రుడు మరచిన పేరు జ్ఞప్తికి వచ్చినవానివలె నొక్కక్షణ మూరకుండెను.