యశోదమ్మ సర్వ

ఔటర్ రింగు రోడ్డు పడుతున్న ఏడాది ఇబ్రహీంపట్నం చుట్టూ చేలన్నీ ప్లాట్లయ్యాయి. నారయ్య అట్లాంటి ఒక వెంచర్‌లో మేస్త్రీ. కూలీలతో హద్దురాళ్లు పాతించడం అతని పని.

ఎండాకాలం. కూలీలు సర్వల్లో జొన్న అంబలి తెచ్చుకుని, ఉప్పు వేసి, ఉల్లిగడ్డ నంజుకుంటూ తాగేవారు. నారయ్య కూడా అది తాగి పెరిగినవాడే. కాని ఒకనాడు ప్లాటు చూడవచ్చిన కారాయన సర్వల మీది ఈగలను చూసి ముక్కు మూసుకున్నాడు. నారయ్యకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పొద్దున్నే చెప్పేశాడు. "ఇగ అంబలి బంద్. మినరల్ నీళ్ల డబ్బాలు తెప్పించిన. మస్తుగ తాగున్రి."

"గా నీళ్లు తాగితే మేము గూడ ప్లాట్లు కొంటమా అన్నా?" అంది కూలీల్లో ఉన్న యశోదమ్మ.

ఆడకూలీలు కిసకిస నవ్వారు. నారయ్యకు మండింది. ఆమె చేతిలోని సర్వ లాక్కుపోయి, ఆఫీసు వెనక పాయఖానాలో పెట్టి గొళ్లెం వేశాడు. ఎక్కడ పెట్టిందీ ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు ఎండ మాడ్చేసింది. యశోదమ్మ చీర చెమటకు తడిసి ఒంటికి అంటుకుంది. దూపైనప్పుడల్లా చెంబు ఎత్తి తాగింది. మూడు దాటేసరికి పిక్కలు పట్టేశాయి. తల పగిలిపోతోందంది. కక్కింది.

"ఎండదెబ్బ. ఇంకా తాగు," అని నారయ్యే దగ్గరుండి రెండు చెంబులు తాగించాడు.

కాసేపటికి ఆమె అతని ముఖంలోకి చూసి, "బాపూ, ఎడ్లను ఇప్పినవా?" అంది. ఆమె తండ్రి పోయి పదేళ్లు. ఆ వెంటనే కళ్లు తేలేసింది.

ట్రాలీ ఆటోలో దవాఖానకు తెచ్చారు. రక్తపరీక్ష చూసి డాక్టరు అడిగాడు.

"పొద్దంత ఏం తాగింది?"

"నీళ్లే సారు. మంచి నీళ్లు."

"గదే ముంచింది. చెమటల నీళ్లొక్కటే పోతయా? ఉప్పు గూడ పోతది. ఉత్త నీళ్లే పోస్తే ఒంట్ల ఉన్న ఉప్పు గూడ పల్చబడుతది. గంత కష్టంల ఒళ్లు నీళ్లను బయటికి సరిగ పంపదు. మెదడు ఉబ్బుతది. జర ఆలస్యమైతే పాణం పోతుండె. ఏం, మీవోళ్లు అంబలి తెచ్చుకోరా?"

నారయ్య గోడకున్న క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు.

ఉప్పునీళ్ల సీసా బొట్టుబొట్టుగా ఎక్కింది. తెల్లారి యశోదమ్మకు తెలివి వచ్చింది. నారయ్యను గుర్తుపట్టి మొదట అడిగింది ఒకటే.

"అన్నా, నా సర్వేది? మా అవ్వ ఇచ్చింది. యాడ పెట్టినవో చెప్తే మా కోడలు తెచ్చుకుంటది."

కోడలు పక్కనే ఉంది. డాక్టరూ ఉన్నాడు. ఎవరో ఎత్తుకుపోయారనొచ్చు. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా.

"పాయఖానల పెట్టిన, యశోదా," అన్నాడు. తర్వాత డాక్టరు వైపు తిరిగాడు. "అంబలి బంద్ చేసింది నేనే సారు. కారోళ్ల ముంగట నాకు నామోషీ అయింది."

ఎవరూ తిట్టలేదు. డాక్టరు చీటీ రాస్తూ తల ఎత్తలేదు. యశోదమ్మ కోడలివైపు ఒత్తిగిల్లింది.

"తేకు బిడ్డా. దాంట్ల ఇగ ఏం పోసుకుంటం?"