పడమటి గోడ

టిక్కీ భుజం మీదికి రాగానే యలమందయ్య ఒక్క క్షణం ఆగాడు. బరువు సరిగ్గా కూర్చుందని వీపుకి తెలిశాక కుడికాలు ముందుకు వేశాడు. లారీ నుంచి కోల్డ్ స్టోరేజీ వాకిలి దాకా వేసిన చెక్కపలక కిర్రుమంది. టిక్కీ గోనెలోంచి ఎండుమిరపకాయల గరుకు మెడకి తగులుతోంది. కొత్తవాళ్ళయితే ఆ ఘాటుకి దగ్గుతూ కూలబడతారు. యలమందయ్యకి దగ్గు రావడం ఎప్పుడో మానేసింది. ముక్కు కొస మాత్రం ఏడాది పొడుగునా ఎర్రగా ఉంటుంది.

పొట్టి మనిషి. ఏళ్ళ తరబడి మోసిన బరువుకి మెడ భుజాల్లోకి దిగిపోయినట్టు కనిపిస్తాడు. తలగుడ్డ ఒకప్పుడు తెల్లది. లుంగీ ఎగ్గడితే వాచిన మోకాళ్ళు రెండూ నున్నగా మెరుస్తాయి. అరచేతుల చర్మం చెప్పు అట్టలా బిరుసెక్కింది.

లోపల చలిగదిలో టిక్కీ దించి వెనక్కి వస్తూ పలక చప్పుడు విన్నాడు. ఎదురుగా వస్తున్న అడుగు ఒకటి బరువుగా పడి, ఆలస్యంగా లేస్తోంది.

"జయపాలూ, మార్పు" అన్నాడు.

హమాలీల ముఠా మేస్త్రీ జయపాల్ టిక్కీ కింద నుంచే మూలిగాడు. "నాకేం కాలేదు బాబాయ్."

"కాలేదులే. ఇది దించి లారీ ఎక్కు."

ముఠాలో అదొక పద్ధతి. మోసేవాడు అలిసిపోయానని తనంతట తాను చెప్పడు. నామోషీ. పక్కవాడు చూసి "మార్పు" అనాలి. అనగానే మోసేవాడు లారీ ఎక్కి టిక్కీలు అందిస్తాడు, అందిస్తున్నవాడు దిగి మోస్తాడు. వరస మాత్రం ఆగదు. ఆ మాట అనే పని ఎవరూ అప్పగించకుండానే యలమందయ్యది అయిపోయింది. అతను లేనప్పుడు ముఠా సాయంత్రానికి ఒళ్ళు హూనమై ఇంటికి పోయేది. ఎందుకో ఎవరూ ఆలోచించలేదు.

ఈ పని అతనికి ఇవాళ్టితో ఆఖరు. మోకాళ్ళు ఇక ఒప్పుకోవని అందరూ కూర్చుని తేల్చారు. దర్శిలో భార్య నాగేంద్రమ్మ ఇడ్లీ బండి పెట్టింది. పిండి రుబ్బడానికి, పొయ్యి దగ్గర నిలబడడానికి మనిషి కావాలి. భోజనాలయ్యాక బస్సెక్కుతాడు. రేపటి నుంచి అతని చోటులో మార్క్ అనే కొత్తమనిషి వస్తాడు.

దానికి యలమందయ్య బెంగపడలేదు. టిక్కీల మీద అతనికి ప్రేమేమీ లేదు. బెంగంతా కోట గురించి.

పోయిన వానాకాలం పని లేని రోజుల్లో జయపాల్ అందరి ఫోన్లలోనూ ఒక ఆట ఎక్కించాడు. పాతకాలపు రాజుల యుద్ధం. ముఠా మొత్తానికి ఒకటే కోట. ఒకరికి గుర్రాలు, ఒకరికి విలుకాళ్ళు, ఒకరికి గోడ. ఒంగోలు రోడ్డులో పత్తి మిల్లు ముఠాకి ఇంకో కోట ఉంది. వారానికోసారి మధ్యాహ్నం భోజనం వేళ రెండు ముఠాలూ తలపడతాయి. ఇంతవరకూ పత్తి మిల్లు వాళ్ళదే పైచేయి.

అందరికన్నా ఆలస్యంగా నేర్చుకున్నవాడు యలమందయ్య. అతని వేళ్ళని ఫోను గుర్తుపట్టదు. ఎడమ చిటికెనవేలు ఒక్కటే కాస్త మెత్తగా ఉంటుంది, దానితోనే ఆడతాడు. పైగా అతను అడిగే ప్రశ్నలు ముఠాకి పెద్ద కాలక్షేపం.

"గుర్రాలకి మేత ఎవరేస్తార్రా?"

"గుర్రాలకి మేతుండదు బాబాయ్, ఆటది."

"మరి సైనికులకి గింజలు ఖర్చవుతున్నాయిగా. గుర్రం మాత్రం గాలి తిని బతుకుద్దా?"

ఇంకోరోజు, చచ్చినవాళ్ళు మళ్ళీ వస్తారా అని అడిగాడు. వైద్యశాల కడితే దెబ్బలు తగిలినవాళ్ళు కోలుకుంటారనీ, చచ్చినవాళ్ళు రారనీ జయపాల్ చెప్పాడు. ఆ మాట విన్నాక యలమందయ్య వారం పాటు ఇంకేమీ కట్టకుండా వైద్యశాల ఒక్కటే కట్టుకుంటూ కూర్చున్నాడు. ముఠా పొట్ట పట్టుకుని నవ్వింది.

ఇవాళ పొద్దున్నే కొత్తది అడిగాడు. "సైనికుడి నెత్తిమీద ఎర్రగీత ప్రాణమన్నావు. దానికింద పసుపుగీతేంటి?"

"అది అలసట. దాన్నెవరు చూస్తారు బాబాయ్. ఎర్రది చూసుకో చాలు."

యలమందయ్య తల ఊపాడు కానీ పసుపుగీతనే చూస్తూ ఉండిపోయాడు.

కోటలో చోట్లకి లెక్క ఉంది. ముఠాలో ఎంతమందో అంతే. మార్క్ వస్తే ఎవరో ఒకరు దిగాలి. అందుకని జయపాల్ ఇబ్బందిపడుతూ ముందురోజే చెప్పేశాడు. "నువ్వు దర్శి పోయాక ఎట్టా బాబాయ్. ముఠాలో లేనోళ్ళు కోటలో ఉంటే రేపు అందరూ వాళ్ళ బావమరుదుల్ని తెస్తారు."

యలమందయ్య సరే అన్నాడు. రాత్రి అన్నం మాత్రం సయించలేదు. ఇడ్లీ బండి దగ్గర పొగలో నిలబడితే ఈ మనుషుల గొంతులు ఇక వినపడవని ఊహించుకుంటూ కంచం పక్కకి జరిపాడు.

తొడిమలు తీసే ఆడవాళ్ళ ముఠా మేస్త్రీ సంతోషకుమారి. ఆడవాళ్ళలోంచి కోటలో చేరింది ఆమె ఒక్కతే, గుర్రాలన్నీ ఆమెవే. భోజనాల దగ్గర గిన్నె మూత తీస్తూ ఆమే కదిపింది.

"ఏమయ్యా మేస్త్రీ, అన్నని ఇయ్యాల తీసేస్తున్నావంటగా?"

"నేను తీసేదేముంది వదినా. చోటు లేదు."

"పడమటి గోడ ఇయ్యాల అన్నకియ్యి. నిలబెట్టాడా, ఉంటాడు. పడగొట్టుకున్నాడా, దర్శిలో ఇడ్లీలేసుకుంటాడు. ఏం, అన్నా?"

చుట్టూ నవ్వారు. పడమటి గోడ అంటే అందరికీ తెలుసు. పత్తి మిల్లు వాళ్ళు ప్రతిసారీ అక్కడి నుంచే దూరతారు.

"అట్టాగే కానీ" అన్నాడు జయపాల్, గోడ ఎలాగూ పోయేదే కదా అనుకుని.

యలమందయ్య చెయ్యి సబ్బుతో కడిగాడు, మళ్ళీ కడిగాడు. చిటికెనవేలిని లుంగీకి తుడిచి రేకుల నీడలో గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

పత్తి మిల్లు ముఠా నాయకుడు హయాత్ గొంతు ఫోన్లో ముందే మోగింది. "జయపాలూ, పడమట ముసలాయన్ని పెట్టావంటగా. పెద్దాయనా, చల్లగా నీడన పడుకోరాదూ. మావాళ్ళు మెల్లగా దూకుతార్లే, నిద్ర లేవకుండా."

"వచ్చి చూడు హయాతూ" అన్నాడు యలమందయ్య.

కొమ్ము ఊదిన చప్పుడు వచ్చింది. గోడకి నిచ్చెనలు పడ్డాయి. చీమల్లా మనుషులు ఎక్కడం మొదలుపెట్టారు. యలమందయ్య గోడ మీద ఈటెలవాళ్ళని రెండు వరసలుగా నిలబెట్టాడు. ముందు వరస పొడుస్తోంది, వెనక వరస ఊరికే నిలబడి ఉంది. ఎర్రగీతలు ఇంకా నిండుగానే ఉన్నాయి. పసుపుగీతలు మాత్రం కరిగిపోతున్నాయి. ఎడమ కొసనున్న సైనికుడి ఈటె మొదట లేచినంత చురుగ్గా లేవడం లేదు. ఒకసారి పొడిచి, రెండోసారికి ఆలస్యం చేస్తున్నాడు.

ఆ ఆలస్యం యలమందయ్యకి పలక మీద అడుగులా వినిపించింది.

"మార్పు" అన్నాడు తనలో తను. చిటికెనవేలితో ముందు వరసని వెనక్కి లాగాడు.

"బాబాయ్, ఏం చేస్తున్నావ్" జయపాల్ గిన్నె పక్కకి తోసి లేచాడు. "గోడ వదిలేస్తున్నావ్. వెనక్కి లాగకూడదు, లాగితే పారిపోయినట్టు లెక్క. మిగతావాళ్ళు కూడా పారిపోతారు."

"పారిపోవట్లేదురా. మారుతున్నారు."

ముందు వరస ఇంకా వెనక్కి రాకముందే రెండో వరస వాళ్ళ మధ్యలోంచి ముందుకు వెళ్ళింది. గోడ అంచు ఖాళీ కాలేదు. ఆట దాన్ని పారిపోవడంగా లెక్కపెట్టలేదు. అలిసినవాళ్ళు వెనక నిలబడ్డారు, వాళ్ళ పసుపుగీతలు మెల్లగా నిండసాగాయి. జయపాల్ ఫోన్లోకి వంగాడు.

"ఇట్టా కూడా చెయ్యొచ్చా ఇందులో?"

"నాకేం తెలుసు. నువ్వు చెప్పలేదుగా చెయ్యకూడదని."

అవతల హయాత్ ముఠా చూసింది వేరు. ముందు వరస కదలడం చూసి గోడ ఖాళీ అయిందనుకున్నారు. మిగతా గోడల దగ్గరున్న తమ మనుషులందర్నీ పడమటికి తరిమారు. "పడిపోయింది, పడిపోయింది, ఎక్కండ్రా" అని హయాత్ అరుస్తుంటే యలమందయ్యకి వినపడుతూనే ఉంది. అతను తల ఎత్తలేదు. మళ్ళీ మార్పు. మళ్ళీ మార్పు. పెదవులు కదులుతున్నాయి, గొంతు బయటికి రావడం లేదు. గోడ మీద ఎప్పుడూ తాజా చేతులే. నిచ్చెనల మీదివాళ్ళు పైకి వచ్చేసరికే అలిసిపోయి ఉన్నారు. వాళ్ళ ఈటెలు లేవడం మానేశాయి.

యలమందయ్య నుదుటి చెమట కంట్లోకి దిగింది. చేత్తో తుడుచుకోలేదు. మిరప చేతిని కంటికి తగలనివ్వకపోవడం అతనికి ఊపిరిలాంటి అలవాటు. రెప్పలు గట్టిగా మూసి తెరిచాడు.

"అమ్మాయ్" అని పిలిచాడు. "అందరూ ఇక్కడే ఉన్నారు. నీ గుర్రాలేం చేస్తున్నాయి?"

సంతోషకుమారి అప్పటికే నవ్వుతోంది. "నువ్వట్టాగే పట్టుకో అన్నా. ఉత్తరపు తలుపు తీస్తున్నా."

గుర్రాలు ఉత్తరం నుంచి చుట్టుతిరిగి వచ్చి పడమటి గోడ కింద గుంపు మీద పడ్డాయి. కిందవాళ్ళకి కదిలే చోటు లేదు. పైన గోడ పడలేదు. నిచ్చెనలు ఒకటొకటే విరిగాయి. పత్తి మిల్లు జెండా ఒరిగి, నేలకి తగిలి, మాయమైంది.

రేకుల కింద ఎవరో గిన్నె మీద గరిటెతో కొట్టారు. ఇంకెవరో అందుకున్నారు. లారీ డ్రైవరు ఏమిటో తెలియకుండానే హారను మోగించాడు. తొడిమలు తీస్తున్న ఆడవాళ్ళు కాయలు వదిలేసి వచ్చి యలమందయ్య చుట్టూ నిలబడ్డారు. ఇన్నేళ్ళలో ఇంతమంది ఒక్కసారి తనవైపు చూడడం అతనికి అదే మొదలు. ఫోను రెండు చేతులతో పట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక మోకాళ్ళు సవరించుకున్నాడు.

ఫోన్లో హయాత్ గొంతు మెత్తబడింది. "ఏం చేశావు పెద్దాయనా?"

"ఏం చెయ్యలా. అలిసినోళ్ళని కూర్చోబెట్టా."

జయపాల్ తలగోక్కున్నాడు. "బాబాయ్, కోటని ఇంకో మెట్టు పెంచితే ఇంకో చోటొస్తుంది. మార్క్ అప్పటిదాకా ఆగుతాడు. పడమటి గోడ నీదే. ఇడ్లీ బండి దగ్గర నుంచయినా సరే."

"అయితే వారం వారం పిలుస్తారా?"

"పిలవకపోతే గోడెవరు కాస్తారు?"

యలమందయ్య తల ఊపాడు. ముక్కు ఇంకాస్త ఎర్రబడింది.

రెండో లారీ వచ్చింది. ముఠా మిగిలిన మెతుకులు నీళ్ళతో మింగి లేచింది. టిక్కీలు కదిలాయి, పలక మళ్ళీ కిర్రుమంది. కాసేపటికి జయపాల్ అడుగు బరువెక్కింది. ఎవరూ "మార్పు" అనలేదు. అతనే ఆగి, వెనక్కి తిరిగి చూసి, రేకుల నీడ ఖాళీగా ఉందని గమనించాడు. గేటు దాకా వెళ్ళాడు. దర్శి బస్సు మలుపు తిరుగుతూ దుమ్ము లేపింది.

లోపలికి వచ్చి, పలక పక్కన నిలబడి, ఒక్కొక్కరి కాళ్ళవైపూ చూశాడు. "నీదే, మార్పు" అన్నాడు ఒకడితో. ఆ మాట నోట్లో కొత్తగా ఉంది.

సాయంత్రం చివరి టిక్కీ దించాక ముఠా ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. దర్శి నుంచి యలమందయ్య గొంతు. వెనకాల రుబ్బురోలు మోటారు చప్పుడు.

"జయపాలూ, ఆ గోడకి సున్నం కొట్టుకోవచ్చా? ఊరికే అడుగుతున్నా."

సంతోషకుమారి నవ్వుతూ చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. కుళాయి పైన కిటికీ అంచున, మంట తగ్గడానికి యలమందయ్య రోజూ చేతులకి రాసుకునే కొబ్బరినూనె సీసా ఉంది. అడుగున కాస్త నూనె మిగిలింది. మూత సగమే బిగించి ఉంది, దాని చుట్టూ అంటుకున్న ఎర్రటి కారం దుమ్ములో బొటనవేలి గుర్తు లోతుగా పడి ఉంది.