టీవీలో లేవని పెద్దన్న

నవలలో ఆ పెద్దన్న ఒక్క వాక్యంలో పోతాడట. దాన్నే సీరియల్‌గా తీస్తే పోవడానికి వారం పట్టింది. తమ్ముడు రావాలి, తమ్ముడి పెళ్లాం రావాలి, వచ్చినవాళ్ల ఒక్కొక్కరి మొహం మీదికి కెమెరా మూడేసిసార్లు దూకాలి. అంతసేపూ తాండూరులో ఒక పాత ఇంటి నాపరాళ్ల వాకిట్లో, పాడె మీద కట్టెలా పడుకున్నవాడు పరశురాం.

పరశురాంది ధారూర్ దగ్గర పల్లె, గొర్రెలు కాసే ఇల్లు. ఆరో తరగతిలోనే బడికి దండం పెట్టాడు. కొన్నాళ్లు గొర్రెల వెనక, కొన్నాళ్లు తాండూరు నాపరాళ్ల పాలిష్ మిషన్ల దగ్గర దుమ్ము తిని, నలభై దాటాక సీరియళ్ల గుంపులో నిలబడే పని పట్టుకున్నాడు. ఇన్నేళ్లకు పేరున్న పాత్ర దొరికింది. దొరికిన మూడో రోజే దానికి గుండె ఆగింది.

ఈ పనిలో ఒక ఆనవాయితీ ఉంది. శవంగా పడుకున్నవాడు షాట్ అయ్యాక లేచి కెమెరాలోకి చూసి నవ్వాలి. గుమ్మడికాయ కొట్టాలి. అప్పుడే మనిషి మళ్లీ బతికినట్టు లెక్క. ఆరోజు ఆఖరి షాట్ అవుతూనే వాన దంచికొట్టింది. అందరూ కెమెరా మీద కవర్లు కప్పి లోపలికి లగెత్తారు. శవానికి కప్పినవాడు లేడు. తాళ్లు తానే విప్పుకుని, తడిసిన ముక్కుదూది తానే పీక్కుని లేచాడు. నవ్వడానికి కెమెరా లేదు. ఉన్నా, వచ్చే నవ్వు కాదది.

నోరు ఊరుకోక ఆ ముచ్చట ఇంట్లో జోకులా చెప్పాడు. అవ్వ ఎంకమ్మ, కన్నతల్లి, నవ్వలేదు. ఎపిసోడ్ వచ్చిననాడు మాత్రం బయటికొచ్చి గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"టీవీల సచ్చినవ్. టీవీలనే లేవాలె. అప్పటిదాంక గడప తొక్కకు."

అది ఉత్త నటననీ, నవల రాసినాయన చంపితే తను చచ్చాననీ ఎంత మొత్తుకున్నా వినలేదు. పెళ్లాం మల్లీశ్వరి అత్తమాటకు ఎప్పుడూ అడ్డం పోయే మనిషే. దీంట్లో మాత్రం ఇద్దరికీ పొత్తు కుదిరింది. అన్నం పళ్లెం గొర్రెల దొడ్డిలోకే వచ్చేది. పడక కూడా అక్కడే. గొర్రెలకు సీరియళ్లు చూసే అలవాటు లేదు కాబట్టి అవి రానిచ్చాయి. పైగా ఆ సీరియల్‌లో రోజూ సాయంత్రం హీరోయిన్ గోడమీది అతని ఫొటో కింద నిలబడి ఏడ్చేది. ఫొటోకు దండ. బతికుండగా రెండు ఎపిసోడ్లలో కనిపించినవాడు, చచ్చాక ఒక్క రోజు కూడా నాగా పెట్టలేదు.

అందుకే, వికారాబాద్‌లో ఫంక్షన్ హాల్ తీసుకుని సీరియల్ నటులందరితో కష్టమైన పాత్రల గురించి మాట్లాడిస్తారనీ, అది ఆదివారం టీవీలో వస్తుందనీ కబురందగానే పరశురాం ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. అతనికి మాటలు అక్కర్లేదు. కెమెరాలోకి ఒక్క నవ్వు నవ్వితే చాలు, ఇంట్లో పడుకోవచ్చు.

అతనికి చివరి కుర్చీ వేశారు. మైకు మొదట హీరో గిరీష్ పట్టుకున్నాడు. తాండూరులో కందుల వ్యాపారస్తుల బిడ్డ, సీరియల్‌లో గొర్రెలు కాస్తాడు. పాత్ర ఒంటికి పట్టడానికి గొర్రెల మధ్య వారం గడిపానన్నాడు. అబద్ధం కాదు, కారు అద్దాలు ఎత్తుకుని గడిపాడు. తర్వాత హీరోయిన్ అనూష. పెద్దన్న శవాన్ని చూడగానే గ్లిజరిన్ లేకుండానే ఏడుపు తన్నుకొచ్చేదని చెప్పి, కళ్లు ఒత్తుకుంది. ఆ ఏడుపు మధ్యలోనే ఆమె గోళ్లతో భుజం గిచ్చి, "అన్నా, పొట్ట కదులుతోంది" అని గొణిగిన సంగతి పరశురాంకే తెలుసు.

మైకు తన దాకా వచ్చేసరికి సగం హాలు బిర్యానీ వాసన వైపు తిరిగింది. యాంకర్ నవీన్ గడియారం చూసుకుంటూ, శవంగా చెయ్యడంలో ఉన్న కష్టమేమిటని అడిగాడు.

"ఊపిరి" అన్నాడు పరశురాం.

హాలు నవ్వింది. ఇంతటితో కుర్చీలో కూలబడితే ఈ ముక్కా కోసేస్తారని అతనికి తోచింది. చెప్పడమెందుకు, చూపిస్తానని స్టేజీ మధ్యలో వెల్లకిలా పడుకున్నాడు. అనూషకు అలవాటైన ప్రాణం కదా, పక్కన కూలబడి "పెద్దన్నా" అని గొల్లుమంది. చప్పట్లు మోగాయి. అప్పుడు లేచి, దండం పెట్టి, కెమెరా ఎర్రలైటులోకి పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. చూసుకో అవ్వా, అనుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం అవ్వ, మల్లీశ్వరి టీవీ ముందు కూర్చున్నారు. పరశురాం గడప ఇవతల, చెప్పులు విడిచి సిద్ధంగా నిలబడ్డాడు. టీవీలో పడుకున్నాడు. అనూష ఏడ్చింది. వయొలిన్ వాయించారు. పడుకోవడాన్ని మూడు వైపుల నుంచి మూడుసార్లు చూపించారు. ఆ పైన సబ్బు ప్రకటన వచ్చింది. సబ్బు అయ్యాక హాల్లో బిర్యానీ, బిర్యానీ అయ్యాక గిరీష్ గొర్రెలు. లేవడం రాలేదు.

మల్లీశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎంకమ్మ మెల్లగా తల తిప్పింది.

"మొదాలు ఆళ్లు సంపిండ్రు. గీసారి నువ్వే బస్సెక్కి పొయ్యి సచ్చొచ్చినవ్."

పరశురాం నోరు తెరిచాడు. తిట్టు అనుకున్నాడు, నవ్వు వచ్చింది. తలుపు చెక్క పట్టుకుని, వంగిపోయి, కళ్లనీళ్లు కారేలా నవ్వాడు. ఆ ఇంట్లో అతని నవ్వు విని ఎన్నేళ్లయిందో మల్లీశ్వరికి కూడా గుర్తులేదు. వచ్చిన ప్రతిసారీ వాణ్ని వీణ్ని తిట్టుకుంటూ వచ్చేవాడు.

ఎంకమ్మ లేచి గుమ్మం దాకా వచ్చింది.

"గీ నవ్వే గదరా అడిగింది. ఈడ నవ్వెటోనివి వికారాబాద్ దాంక ఎందుకు పోయినవ్?"

"గిది టీవీల రాలే గదనే అవ్వా."

"నేను సూశ్న. సాలదా? కాళ్లు కడుక్కొని లోపటికి రా."

సాయంత్రం అతను ఇంట్లోనే, అవ్వ పక్కన కూర్చుని అన్నం తింటుంటే సీరియల్ మొదలైంది. గోడమీద ఫొటో, కింద అనూష. ఎంకమ్మ ముద్ద ఆపి, ఫొటోనూ కొడుకునూ మార్చి మార్చి చూసింది.

"గా దండ మాసిపోయిందిరా. కొత్తది ఎయ్యమను."