పూత కింది లోహం

గిటార్లు బాగుచేసే కార్యో బ్రిడ్జికి అయస్కాంతం పెట్టి చూశాడు. అంటుకోలేదు.

గిటారు తీగల చివరలను పట్టి ఉంచే ఆ లోహపు బ్రిడ్జిని రత్రీ నిన్ననే మార్చుకుంది. పాతది తుప్పు పట్టింది. కొత్తది పసుపుగా మెరుస్తుంటే ఇత్తడి అనుకుని కొంది. తీరా చూస్తే, స్వరం ఊగడానికి దాని కడ్డీ నొక్కి వదిలినప్పుడల్లా శ్రుతి పోతోంది. నాలుగింటికి సున్తీ విందులో కచేరీ. ఈ దంగ్‌దుత్ పాటల బృందంలో గిటారు వాయించడం ఆమెకిదే మొదటిది. శ్రుతి చెడితే రేపటి నుంచి వేరేవాళ్లను చూసుకుంటానని గాయని సుమీనార్తి ముందే చెప్పేసింది.

"అంటుకోలేదంటే ఇత్తడేగా, బాబాయ్?"

"జింకూ అంటుకోదమ్మాయ్."

కార్యో బ్రిడ్జి అడుగున ఆకురాయితో ఒక్క గీత గీశాడు. పసుపు పూత కింద బూడిదరంగు బయటపడింది. మరలు రాసుకునేచోట రంధ్రాల అంచులు అప్పుడే అరిగాయి. పాతది ఉక్కుదని, తుప్పు గీకేస్తే చాలని, వెంటనే తెమ్మని అన్నాడు.

పాతది పొద్దున్నే పాత ఇనుము బండికి వెళ్లిపోయింది. వాడకట్టులో అందరిలాగే ఆమె కూడా బదులుగా రొయ్యల అప్పడాలు తీసుకుంది.

"తినేశావా?"

"తినేశాను."

"అయితే పరిగెత్తు, అరుగుతాయి."

రెండు దాటింది. బండి గంట ఒక సందులో వినిపిస్తే, ఆమె చేరేలోగా మరో సందులోకి మారుతోంది. చివరికి చేపల చెరువు గట్టున బండి దొరికింది. తూకానికి కట్టేసిన సంచీ విప్పనన్నాడు బండివాడు తుకిమిన్. పాతదానికి బదులుగా రత్రీ కొత్త బ్రిడ్జి చాపింది. అతను తాడుకు కట్టిన అయస్కాంతం దానికి తాకించాడు. అంటుకోలేదు. అతని మొహం వెలిగింది.

"ఇత్తడా?"

అవునంటే పని అయిపోతుంది. రెండున్నర.

"కాదన్నా, జింకు. నేనూ అలాగే మోసపోయాను."

తుకిమిన్ దాని అడుగున ఉన్న గీత చూశాడు. బ్రిడ్జిని ఆమె చేతిలోనే పెట్టి, సంచీ మూతి విప్పాడు.

"ఎవరూ ఇలా చెప్పరు. వెతుక్కో. మళ్లీ నింపడం కూడా నీ పనే."

మేకులు, గొలుసులు, సైకిల్ పెడళ్లు. అన్నిటికన్నా అడుగున పాత బ్రిడ్జి దొరికింది.

కార్యో తుప్పు గీకి, నూనె రాసి, చివరి మర బిగించేసరికి మూడు నలభై. ఆమె వేదిక ఎక్కేసరికి డోలు మొదలైంది.

రెండో పాటలో రత్రీ కడ్డీని పూర్తిగా నొక్కింది. స్వరం కిందికి జారిపోయింది. వదిలింది. తీగలు ఎక్కడివక్కడికి వచ్చాయి.

సుమీనార్తి వెనక్కి తిరగకుండానే తర్వాతి చరణం ఎత్తుకుంది.